కొలకఱ్ఱకును కొలత కావలెను

చేతిలో నిముడునట్టి గ్రాఫు క్యాలిక్యులేటరునకు ఒక సెన్సరును తగిలించి విద్యార్థి ప్రయోగము చేయునప్పుడు, తెఱమీద కనబడు అంకెను ఎంతవఱకు నమ్మవలెను? సెన్సరును తయారుచేసినవారు ముందుగా లెక్కగట్టి యుంచిన సూత్రమును మాఱుమాట లేక స్వీకరింపవలెనా, లేక విద్యార్థి తన చేతులతో ఆ సెన్సరును సరిచూచి సరిదిద్దుకొనిన పిదపనే ప్రయోగము నారంభింపవలెనా? ఇట్లు సరిదిద్దుకొనుటకు క్రమాంకనమని పేరు. ప్రయోగశాలలలో కాలిబ్రేషను అను మాటయే ఎక్కువగా వినబడును. ఇది ఉపాధ్యాయుడు తరగతికి ముందే ముగించుకొని రాదగిన చిల్లరపని యని పలువురు తలంచుచున్నారు. మేమట్లు తలంపము. ఒక ప్రయోగమునందు ఒక్క పనిని మాత్రమే విద్యార్థి చేతికి విడువవలసి వచ్చినచో, అది ఈ క్రమాంకనమే కావలెనని మాయభిప్రాయము.

మన పిల్లల తల్లిదండ్రులలో ఈ పనిముట్టును చూడనివారు పెక్కురుందురు గావున మొదట దానినిగూర్చి రెండు మాటలు చెప్పుట యుక్తము. దీని పుట్టిల్లు అమెరికా. 1990 మొదలు పది పండ్రెండేండ్లలో అచ్చటి ఉన్నత పాఠశాలల గణితపు తరగతులలోనికి రేఖాపటములు గీయు క్యాలిక్యులేటర్లు ప్రవేశించినవి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీవారు 1994లో సి.బి.ఎల్. అను చిన్న పెట్టెను వెలువరించిరి. క్యాలిక్యులేటరే ఆధారముగాగల ప్రయోగశాల యని దాని పేరున కర్థము. ఆరిగన్ రాష్ట్రమున భౌతికశాస్త్రోపాధ్యాయుడైన డేవిడ్ వెర్నియర్, ఆయన భార్య క్రిస్టీన్ 1981లో స్థాపించిన సంస్థవారు ఇట్టి పెట్టెలకు తగిన సెన్సర్లను చేయుటలో ప్రసిద్ధి కెక్కిరి. ఉష్ణోగ్రత, బలము, వాయుపీడనము, వెలుతురు, దూరము, ద్రవముల ఆమ్లత, నీటిలో కరిగిన ప్రాణవాయువు, వీనిలో దేనిని కొలువవలసినను దానికి తగిన సెన్సరును పెట్టెకు తగిలించి, పెట్టెను క్యాలిక్యులేటరునకు తీగెతో కలిపినచో చాలును. కంప్యూటరుకంటె వెల తక్కువ. సంచిలో వేసికొని చెఱువుగట్టునకు పోవచ్చును. ఆ తొలినాటి పెట్టెల తయారీ నిలిచిపోయినది. నేడు తీగె లేకయే ఫోనుతోను పలకవంటి కంప్యూటరుతోను మాటాడు సెన్సర్లు వచ్చినవి. వేషము మాఱినది గాని లోపలి ధర్మము మాఱలేదు.

ఆ ధర్మమేమనగా, సెన్సరునకు ఆమ్లమన నేమో తెలియదు. బలమన నేమో తెలియదు. దానికి తెలిసినది వోల్టేజి యొక్కటే. ఉదాహరణమునకు ఆమ్లతను కొలుచు పి.హెచ్. సెన్సరును తీసికొందము. వెర్నియర్ వారి సెన్సరును పి.హెచ్. 7 గల ద్రావణమున ముంచినచో సుమారు 1.75 వోల్టులు వచ్చును. పి.హెచ్. ఒక్కొక్క అంకె తగ్గినకొలది వోల్టేజి సుమారు పావు వోల్టు పెరుగును. ఈ వోల్టులను 3.838చేత గుణించి, వచ్చిన లబ్ధమును 13.720 నుండి తీసివేసినచో పి.హెచ్. వచ్చును. తయారుచేసినవారు లోపల ఉంచిన సూత్రమింతియే. పై తరగతుల బాలురు బీజగణితమున సరళరేఖా సమీకరణమని వల్లించునది ఇదియే. 13.720 అనునది అంతరఖండము, 3.838 అనునది రేఖయొక్క వాలు, ఋణగుర్తుతో. పరీక్ష ముగిసిన వెంటనే మఱచిపోవు ఆ సమీకరణము ఇచ్చట నిమ్మరసములో తడిసి ప్రత్యక్షమగుచున్నది.

ఈ సూత్రము క్రొత్త సెన్సరునకు చక్కగా కుదురును. కాని ఈ సెన్సరు కొనయందలి గాజుబుడ్డి ఎండకు ఎండి, ద్రావణములలో మునిగి తేలి, ఏండ్లు గడచినకొలది మందగించును. ఒక ముసలి సెన్సరు పి.హెచ్. 7 ద్రావణమున ఎప్పటివలె 1.75 వోల్టులే యిచ్చుచు, పి.హెచ్. 4 ద్రావణమున మాత్రము 2.53కు బదులు 2.45 యిచ్చుచున్నదనుకొందము. పాత సూత్రము ప్రకారము క్యాలిక్యులేటరు మొదటిదానికి 7.0 అని నిజమునే చెప్పును, రెండవదానికి 4.3 అని తప్పు చెప్పును. ఒక్క ద్రావణముతోనే పరీక్షించి, 7 వచ్చినదిగదా యని సంతోషించిన వానికి ఈ తప్పు ఎన్నటికిని బయటపడదు. రెండు ద్రావణములు కావలసినది ఇందుచేతనే. రెండు బిందువులు లేక రేఖ నిర్ణయము గాదని రేఖాగణితమున చదివితిమి. నిర్ణయము గాకున్న ఏమి నష్టమో ఇచ్చట కంటికి కనబడును.

ఇక క్రమాంకనము చేయువిధము. సెన్సరును స్వేదనజలముతో కడిగి, పి.హెచ్. 7 గల బఫరు ద్రావణమున నుంచవలెను. బఫరనగా తన పి.హెచ్.ను సులభముగా విడువని ద్రావణము. తెఱమీద వోల్టేజి కదలుట మాని నిలిచినపిమ్మట మీట నొక్కి, 7 అను అంకెను మనమే వేయవలెను. మరల కడిగి, పి.హెచ్. 4 గల బఫరున నుంచి, నిలిచినపిమ్మట 4 అను అంకెను వేయవలెను. క్యాలిక్యులేటరు ఈ రెంటిని కలిపి క్రొత్త రేఖను గీచికొనును. పైన చెప్పిన ముసలి సెన్సరునకు ఇప్పుడు వాలు 4.286, అంతరఖండము 14.50 అగును. ఆ రెండంకెలును తెఱమీద కనబడును. ఈ కనబడుటయే ఈ చిన్నయంత్రముయొక్క గొప్పగుణమని మేము భావింతుము. గాజు ఉష్ణమాపకముమీద గీతలు గీచినవాడెవడో, ఏ రెండు స్థానములను ఆధారము చేసికొని గీచెనో విద్యార్థికి తెలియదు. ఇచ్చట గీతలు గీయువాడు తానే. అంకె ఆకాశమునుండి ఊడిపడలేదనియు, ఒకరు ఒక ద్రావణమును చూపి దీనిని నాలుగనవలెనని నిర్ణయించినందున పుట్టినదనియు ఆ క్షణమున వానికి బోధపడును.

అయినను క్రమాంకనమును తంతువలె జరిపించువారితోను మాకు ఏకీభావము లేదు. తొందరపడి చేసిన క్రమాంకనముకంటె అసలు చేయకుండుటయే మేలు. ఒక బాలుడు సెన్సరును పి.హెచ్. 4 ద్రావణమున ముంచి, వోల్టేజి ఇంకను 2.30 యొద్ద పైకెక్కుచుండగానే మీట నొక్కి 4 అని వేసెననుకొందము. సెన్సరు క్రొత్తదే, ఒక్క నిమిషము ఆగినచో 2.53 వచ్చియుండెడిది. ఇప్పుడు యంత్రమునకు దొరకిన వాలు 5.45. తరువాత ఆ బాలుడు నిజముగా 2.4 పి.హెచ్. గల నిమ్మరసమును కొలిచెనా, తెఱమీద 0.46 అని వచ్చును! మన వంటయింటి నిమ్మపండు ఒక్కసారిగా ఉప్పుద్రావకమంత ఘాటైనదగును. యంత్రము ఈ అంకెను సిగ్గుపడకయే చూపును. బాలుడు దానిని ముత్యములవంటి అక్షరములతో రికార్డు పుస్తకమున ఎక్కించును. ఆ దినమున వాడు చేయు కొలతలన్నియు ఒక్క క్షణపు తొందరచే చెడును. తయారుచేసినవారి సూత్రమునే నమ్ముడని చెప్పువారి వాదమునకు బలము ఇచ్చటనే యున్నది. దానిని మేము తేలికగా త్రోసివేయము.

ఈ వాదమునకు ప్రత్యుత్తరముగా మేము చెప్పునది మూడవ సాక్షినిగూర్చి. 7, 4 ద్రావణములతో రేఖ గీచినపిదప పి.హెచ్. 10 గల బఫరున సెన్సరును ముంచి, ఏ అంకెయు వేయక ఊరక చూడవలెను. 10 యొద్దకు వచ్చినచో రేఖను నమ్మవచ్చును. 9.6 వచ్చినచో? రెండు బిందువులగుండ రేఖ ఎప్పుడును పోవును. కావున మొదటి రెండు ద్రావణములు తమ రేఖ తప్పని తమంతట చెప్పజాలవు. వాది ప్రతివాదుల మాటలు రెండును విన్నపిమ్మట మూడవవాని సాక్ష్యమును కోరుట మన గ్రామపు పెద్దలెఱిగినదే. అయితే ఈ సాక్షియు తప్పు చెప్పవచ్చును. పి.హెచ్. 10 బఫరు క్షారద్రావణము. మూత తీసియుంచినచో గాలిలోని బొగ్గుపులుసుగాలిని పీల్చికొని దాని పి.హెచ్. దిగజాఱును. అప్పుడు తప్పు సెన్సరుదా, సీసాదా? క్రొత్త సీసా విప్పి మరల చూడవలెను. ఈ అనుమానము, ఈ విచారణ, వీనికి పట్టు పది నిమిషములు వ్యర్థమని యెవరైన అనినచో, అట్టివారు శాస్త్రమును బోధించుట యనగా ఫలితములను ఎక్కించుట యని తలంచుచున్నారని మేమనవలసి వచ్చును.

ప్రమాణమని చేతబట్టినదానినే శంకింపవలెను అనుటకు మనకు దగ్గఱ ఉదాహరణము మఱొకటి కలదు. ఉష్ణోగ్రతకు కరుగుచున్న మంచు 0, మరుగుచున్న నీరు 100 అని చిన్నతరగతినుండియు వల్లింతుము. మచిలీపట్టణమున సముద్రపుటొడ్డున ఇది సరియే. హైదరాబాదు సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. అచ్చట నీరు సుమారు 98 డిగ్రీలకే మరుగును. అచ్చటి విద్యార్థి మరుగునీట సెన్సరు నుంచి పుస్తకము చెప్పినట్లు 100 అని వేసినచో, మంచి సెన్సరును తన చేతులతో చెఱచినవాడగును. ప్రస్తావవశమున చెప్పుచున్నాము: 1742లో సెల్సియస్ పండితుడు తన మానమును ప్రకటించినప్పుడు మరుగునీటికి 0, మంచునకు 100 అని పెట్టెను, తరువాతివారు దానిని తలక్రిందులు చేసిరి. నీరు మాత్రము తన దారిన తాను మరుగుచునే యున్నది.

అన్ని సెన్సర్లకును ఈ శ్రమ అవసరము లేదు. పైన చెప్పినది క్రమాంకనము తెలియుటకే గాని, సామాన్యమైన ఉష్ణోగ్రతా సెన్సరు వేడినిబట్టి విద్యున్నిరోధము మాఱు చిన్నపూస. దాని నడక ఏండ్లతరబడి మాఱదు, మంచునీట ఒకసారి పరిశీలించిన చాలును. బలమును కొలుచు సెన్సరునకు ఏమియు వ్రేలాడదీయక సున్న వేసి, పిదప ఒక కిలోగ్రాము గుండును వ్రేలాడదీసి 9.8 న్యూటనులని వేయుట రెండు నిమిషముల పని. దూరమును కొలుచు సెన్సరు మనిషి చెవికి వినబడని ధ్వనిని పంపి, అది తగిలి తిరిగివచ్చు కాలమునుబట్టి లెక్కగట్టును. దానికి క్రమాంకన మక్కఱలేదని వాడుక. 20 డిగ్రీల చలువదేశపు గదిలో అది నిజమే. గాలి వేడెక్కినకొలది ధ్వనివేగము పెరుగును: 20 డిగ్రీలయొద్ద సెకనుకు 343 మీటర్లు, 40 డిగ్రీలయొద్ద సుమారు 355. మొదటి వేగమునే లోపల పెట్టుకొనిన సెన్సరు మన వేసవి మధ్యాహ్నమున రెండు మీటర్ల దూరమును 1.93 మీటర్లుగా చూపును. తయారుచేసినవారి తప్పేమియు లేదు. వారి గదిలో మన ఎండ లేదు.

ఇదంతయు బడిపిల్లల ఆటగదా, ఇంత పట్టింపు ఎందుకని తల్లిదండ్రులు అడుగవచ్చును. కృష్ణా గోదావరుల డెల్టాలో చేపల చెఱువులు, రొయ్యల చెఱువులు ఎన్ని వేల యెకరములు విస్తరించినవో మన యిండ్లలో తెలియనివారు లేరు. చెఱువు నీటిలో కరిగిన ప్రాణవాయువు పగలు నాచుచేత పెరిగి, రాత్రి తగ్గి, తెల్లవాఱక ముందు మిక్కిలి తక్కువగా నుండును. లీటరునకు 3 మిల్లీగ్రాములకు లోబడినచో రొయ్యకు కష్టకాలమే. రైతు మీటరు చూచి ఏరియేటర్లు త్రిప్పును. ఆ మీటరునకును ఈ రెండు బిందువుల రేఖయే ఆధారము: ప్రాణవాయువును పూర్తిగా హరించు సోడియము సల్ఫైటు ద్రావణమున సున్న, నీటియావిరి నిండిన గాలిలో నిండు విలువ. ఆ నిండు విలువ మంచినీటికి 25 డిగ్రీలయొద్ద సుమారు 8.3 మిల్లీగ్రాములు, 30 డిగ్రీలయొద్ద సుమారు 7.6. ఉక్కపోత రాత్రి 30 డిగ్రీల గాలిలో నిలిచి 25 డిగ్రీల విలువను వేసినవాని మీటరు అటుపిమ్మట ప్రతి కొలతను నూటికి తొమ్మిదివంతులు ఎక్కువగా చూపును. బ్యాంకు అప్పు తెచ్చి పిల్లలను వదలిన రైతు ఆ అంకెను నమ్మి నిద్రపోవును. మన బడిలో నేడు చదువు బాలుడు రేపు ఆ గట్టుమీద నిలువవచ్చును. మిషనువారి పాఠశాలలలో చదివినవారికి సామెతల గ్రంథమున దొంగత్రాసును గూర్చి చెప్పబడినది తెలియును. ఆ కాలపు వర్తకుడు తెలిసి మోసగించెను. చెడిన మీటరు పట్టినవాడు తెలియకయే మోసపోవును, ఇతరులను మోసపుచ్చును. అంగడి తూనికఱాళ్ళను నియమితకాలమున పరీక్షించి ప్రభుత్వమువారు ముద్ర వేయుట ఇందుకొఱకే. బడి సెన్సరునకు ముద్రవేయు అధికారి యెవడు? విద్యార్థియే గదా!

అంకెల తోకనుగూర్చియు ఒక మాట. క్యాలిక్యులేటరు 7.0432 అని చూపినచో మన బాలుడు అయిదంకెలును భక్తితో వ్రాయును. ల్యాబ్‌ప్రో అను పెట్టె అయిదు వోల్టులను 4096 భాగములుగా విడదీయును. ఒక్కొక్క భాగము పి.హెచ్.లో సుమారు 0.005. అంతకు లోపలి అంకెలు యంత్రపు గుణకారమునుండి రాలిన పొట్టు. ద్రావణముల తప్పు, సెన్సరు ముసలితనము కలిసినపిదప మొదటి దశాంశస్థానమే నిలిచిన సంతోషింపవలెను. 7.0 అని వ్రాయుటకు ధైర్యము కావలెను. మూడవ సాక్షిని విన్నవానికే ఆ ధైర్యము కలుగును.

పీరియడు నలువదియైదు నిమిషములే, నలువదిమందికి సెన్సర్లు నాలుగే, సిలబసు ముగియవలెను. ఉపాధ్యాయుల ఈ కష్టము మే మెఱుగనిది కాదు. అందుచే ప్రతి ప్రయోగమునకును క్రమాంకనము చేయింపుడని కోరుట లేదు. సంవత్సరమునకు ఒక్క పీరియడు సంపూర్ణముగా దీనికే కేటాయింపుడని కోరుచున్నాము. ఆ దినమున వేఱొక ప్రయోగము వలదు. బఫరు ద్రావణములు మూడు, స్వేదనజలము, తుడుచుటకు మెత్తని కాగితము. ఇంతకంటె వ్యయము లేదు. రికార్డు పుస్తకమున దీనికి ఒక పుట ప్రత్యేకముగా నుండవలెను. తేది, గది ఉష్ణోగ్రత, బఫరు సీసా విప్పిన దినము, రెండు ద్రావణములయందును నిలిచిన వోల్టేజి, వచ్చిన వాలు, అంతరఖండము, మూడవ ద్రావణము చూపిన అంకె, ఇవి యన్నియు విద్యార్థి తన చేతివ్రాతతో ఎక్కింపవలెను. క్యాలిక్యులేటరులో దాగియున్న అంకె తరువాతి తరగతివారు మీట నొక్కగానే మాసిపోవును, కాగితముమీదిది నిలుచును. అయిదేండ్ల పుటలను వరుసగా పెట్టి చూచినచో ఏ సెన్సరు ఎట్లు ముసలిదగుచున్నదో తెలియును, ఏ సంవత్సరము క్రొత్తది కొనవలయునో యాజమాన్యమువారికి ముందుగా చెప్పవచ్చును.

మార్కుల విషయమున మాత్రము ఒక నియమముండవలెను. అంకె సరిగా వచ్చినందుకు మార్కులిచ్చినచో, బాలురు మూడవ ద్రావణమునకు 10.0 అని ఇంటియొద్దనే వ్రాసికొని వత్తురు. వచ్చినది వచ్చినట్లు వ్రాసినందుకే ఈయవలెను. తెఱ 9.6 అని చూపగా 9.6 అనియే వ్రాసి, దాని ప్రక్కన సీసా ఎప్పుడు విప్పిరో విచారింపవలెనని చిన్న అక్షరములతో చేర్చిన విద్యార్థికి ఆ పుటకు పూర్తి మార్కులు ఈయవలెను.